కల్పనకు కావలసిన నిజం

ఊహించి వ్రాసే కథకు పరిశోధనతో పని ఏమిటని చాలామంది అడుగుతారు. జరిగినదాన్ని వ్రాసేవాడికి నిజానిజాల విచారణ కావాలి గాని, జరగనిదాన్నీ, నూరేళ్ళ తరువాత జరగబోయేదాన్నీ వ్రాసేవాడికి అడ్డేమున్నది? కలం ఎటు పోతే అటే దారి గదా అని వారి వాదం. వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. ఐతే ఈ వాదాన్ని నమ్మి వ్రాసిన కథలు పది చదివిచూస్తే, పదీ ఒకే అచ్చులో పోసినట్లు కనిపిస్తాయి. కారణం స్పష్టమే. ఆధారం లేని ఊహ కొత్తదాన్ని పుట్టించలేదు. రచయిత అంతకుముందు ఎక్కడో చదివినదాన్నో, సినిమాలో చూసినదాన్నో తిరిగి మనకు అప్పగిస్తుంది, అంతే.

నేనూ ఒకప్పుడు ఈ వాదాన్ని నమ్మినవాణ్ణే. 1990 దాటిన తొలి సంవత్సరాలలో, భద్రాచలానికి కొంత ఎడంగా అడవి అంచున ఉన్న ఒక ఊరి బడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ ఒక కథ వ్రాశాను. క్రీ. శ. 2100వ సంవత్సరంలో గోదావరి ఎన్నడూ ఎరగనంతగా పొంగుతుంది. పట్టణాలు మునిగిపోతాయి. బతికి బయటపడిన ఒక శాస్త్రజ్ఞుడు అడవిలోకి పోతాడు. మూడు రోజులు తిండిలేక, చెట్టు కింద రాలిన ఇప్పపూలు ఏరుకొని తిని ప్రాణం నిలుపుకుంటాడు. తరువాత కొత్త నాగరికతకు పునాది వేస్తాడు. ఈ కథ నాకు ఎంత నచ్చిందంటే, అచ్చుకు పంపకముందే తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపించాను.

పిల్లలు శ్రద్ధగా విన్నారు. చివర ఒక కోయపిల్లవాడు లేచి, "సారూ, ఇప్పపువ్వు రాలేది ఎండాకాలంల గదా? వానలల్ల చెట్టు కింద యాడ దొరికింది?" అన్నాడు.

తరగతి అంతా నవ్వింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పచెట్టు పూసేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండ ముదరకముందే ఆడవాళ్ళూ పిల్లలూ గంపలతో పోయి ఏరుకువస్తారు. గోదావరికి పెద్ద వరదలు వచ్చేది జూలై, ఆగస్టులలో. అప్పటికి ఆ చెట్టుకు పువ్వు మాట అటుంచి, కాయ కాలం కూడా ముగింపుకు వచ్చి ఉంటుంది. నేను ఇప్పచెట్టును ప్రతిరోజూ చూస్తూనే ఉన్నాను గాని, కథ వ్రాసేటప్పుడు చూడలేదు. అడవి అంటే ఇప్పపువ్వు అనే మాటను పుస్తకాల నుంచి తెచ్చి అక్కడ అతికించాను.

ఆ పిల్లవాడు అంతటితో ఊరుకోలేదు. నేను నొచ్చుకున్నానని అనుకున్నాడో ఏమో, "ఎండబెట్టి దాచుకున్న పువ్వు అని రాయండి సారూ, అప్పుడు సరిపోతది" అని తానే దారి చూపించాడు. అది చిన్న దిద్దుబాటు అనుకున్నాను. కూర్చొని దిద్దబోయేసరికి కథంతా కదలిపోయింది. ఎండబెట్టిన పువ్వు చెట్టు కింద ఉండదు, ఒకరి ఇంట్లో ఉంటుంది. దాన్ని ఎవరో వేసవిలో ఏరి, ఎండబెట్టి, వానాకాలపు కరువుకు దాచుకొని ఉండాలి. నా శాస్త్రజ్ఞుడు ఆ ఇంటి ముందు నిలబడి అడగాలి. ఆ ఇంటివాళ్ళు తమ పిల్లల వాటాలోంచి తీసి ఇవ్వాలి. ఎవరికీ ఋణపడకుండా నాగరికత స్థాపించిన నా కథానాయకుడు ఒక్కసారిగా అతిథి అయిపోయాడు. కథ మొదటిదానికన్నా మెరుగైంది. దాన్ని మెరుగుపరచింది నా ఊహ కాదు, ఒక చెట్టు పూతకాలం.

ఆ తరువాత వరదను గురించి కూడా నాకు అనుమానం కలిగింది. నా కథలో నీళ్ళు గోడలాగా లేచి ఊరిమీద పడ్డాయి. అటువంటి వరదను నేను సినిమాలో చూశాను. ఊళ్ళో 1986 నాటి వరదను అనుభవించిన ఒక ముసలమ్మను అడిగితే ఆమె చెప్పింది వేరు: "గోదారి ముంగటి నుంచి రాలే సారూ, ఎనక నుంచి వచ్చింది. ముందుగాల వాగు మునిగింది. వాగు మునిగినంక ఇగ బయటికి తొవ్వ యాడిది?"

ఈ మాటలో జలశాస్త్రం ఉన్నది. పెద్దనది నిండుగా పారుతున్నప్పుడు, దానిలో కలిసే వాగులు తమ నీటిని లోపలికి తోయలేవు. నది నీరే వాగులోకి ఎదురెక్కుతుంది. దీన్నే ఎగదన్నడం అంటారు. ఏటి ఒడ్డు ఎత్తుగా ఉండి నిలిచిన ఊరు కూడా, వెనక ఉన్న పల్లపు వాగు మునగడంతో దీవి అయిపోతుంది. భద్రాచలానికి దిగువన కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. రెండూ ఒకేసారి పొంగితే ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి, వెనక ఉన్న నీరు త్వరగా దిగదు. ఇక్కడి వరద ఉరుములాగా రాదు. గంటగంటకూ అంగుళాల చొప్పున పెరుగుతుంది. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు వచ్చినప్పుడు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ప్రకటిస్తారు. 1986 ఆగస్టు 16న అది 75.6 అడుగులు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు చేరింది. ఈ అంకెలను రేడియోలో వింటూ, మూట కట్టాలా వద్దా అని రాత్రంతా కూర్చునే కుటుంబం భయం ముందు సినిమాలోని నీటిగోడ ఏపాటి?

ఊహాకథకు నిజం ఎందుకు కావాలో ఈ రెండు సంగతులే నాకు నేర్పాయి. ఊహాకథలో రచయిత ఒక అబద్ధం ఆడడానికి పాఠకుడు అనుమతి ఇస్తాడు. మనిషి కాలంలో వెనక్కు పోయాడంటే ఒప్పుకుంటాడు. చెట్లు మాట్లాడాయన్నా ఒప్పుకుంటాడు. కాని ఆ ఒక్కదాని చుట్టూ ఉన్నదంతా నమ్మదగినదిగా ఉంటేనే ఆ అనుమతి. 2100లో వరద వచ్చిందంటే ఆ పిల్లవాడు అభ్యంతరం చెప్పలేదని గమనించాలి. ఆగస్టులో ఇప్పపువ్వు రాలిందంటే ఒప్పుకోలేదు.

ఈ మర్మం తెలిసిన రచయితలు ముందే ఉన్నారు. జగదీశ్ చంద్ర బోసు 1896లో ఒక తలనూనె కంపెనీవారి పోటీకి బెంగాలీలో ఒక కథ వ్రాశాడు. కలకత్తా మీదికి రావలసిన తుఫాను అకస్మాత్తుగా మాయమవుతుంది. శాస్త్రజ్ఞులు కారణం చెప్పలేక తలలు పట్టుకుంటారు. అసలు సంగతి ఏమంటే, ఓడలో పోతున్న ఒక ప్రయాణికుడు సముద్రంలో సీసాడు తలనూనె పోశాడు! నీటిమీద నూనె పలుచని పొరగా పరుచుకొని చిన్న అలలను అణచివేయడం భౌతికశాస్త్రంలో ఉన్న విషయమే, నావికులకు ఎప్పటినుంచో తెలిసినదే. బోసు చేసిందల్లా ఆ నిజాన్ని ఒక సీసా నుంచి సముద్రమంతకు సాగదీయడం. నవ్వు ఆ సాగదీతలోనే ఉన్నది. అలలూ నూనే సంగతి తెలియనివాడు ఆ కథ వ్రాయలేడు.

ఇంగ్లండులో హెచ్. జి. వెల్సు కుజగ్రహవాసుల దండయాత్రను గురించి వ్రాసిన నవల 1898లో పుస్తకంగా వచ్చింది. ఆయన ప్రఖ్యాత జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ దగ్గర చదువుకున్నవాడు. దండెత్తి వచ్చినవారు చివరకు మన సూక్ష్మజీవుల చేత చావడం ఆ చదువు ఫలితం. అయితే ఆయన అంతటితో తృప్తిపడలేదు. తాను కాపురమున్న వోకింగ్ ఊరి చుట్టూ సైకిలు మీద తిరిగి, ఏ ఇల్లు కూలాలి, ఏ వీధి తగలబడాలి అని గుర్తుపెట్టుకున్నాడు. సూక్ష్మజీవులు చదువు నుంచి, వీధులు అనుభవం నుంచి వచ్చాయి.

మన తెలుగులో, అందులోనూ ఈ అడవి సరిహద్దులో, ఇటువంటి ఉదాహరణ ఉన్నదా? ఉన్నది. విశ్వనాథ సత్యనారాయణ గారి "కిన్నెరసాని పాటలు" అందరూ ఎరిగినవే. వాటిని గేయకావ్యంగా చదువుతాము గాని, నిజానికి అది ఒక అద్భుతకల్పన. అత్తింటి కోడలు ఒకతె దుఃఖంతో కరిగి వాగై పారుతుంది. ఆమె భర్త రాయి అయిపోతాడు. మనిషి నీరు కావడం అబద్ధం. కాని ఆ నీరు పోయే పోకడ అబద్ధం కాదు. కిన్నెరసాని నిజంగా ఉన్న వాగు. ములుగు వైపు కొండల్లో పుట్టి, ఖమ్మం అడవులగుండా పారి, బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. రాళ్ళను చుట్టుకొంటూ, ఒకచోట సన్నబడుతూ, మరొకచోట మడుగు కడుతూ పోయే అడవివాగును చూసినవాడికి, ఆమె నడకలో తడబాటు ఎందుకో, వెనుదిరిగి చూడడం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. కవి ఆడిన ఒక్క అబద్ధానికి ఆ వాగే సాక్ష్యం పలుకుతున్నది.

అదే రచయిత "హాహాహూహూ" అనే మరొక కల్పన వ్రాశారు. గుర్రపుతల గల గంధర్వుడొకడు లండనులోని ట్రఫాల్గర్ స్క్వేరులో పడతాడు. అతడేమిటో అక్కడి పండితులకు అంతుపట్టదు. అతడు మాట్లాడేది సంస్కృతం! విశ్వనాథ వారు బతుకంతా బందరు, గుంటూరు, విజయవాడ, కరీంనగరం వంటి మన ఊళ్ళలో పాఠం చెప్పినవారు. లండను వారి ఊరు కాదు. అయినా కథ నిలిచింది. ఎందుకంటే దాని ప్రాణం లండను వీధుల్లో లేదు. హాహా, హూహూ అనే గంధర్వుల జంట పురాణాల్లో ఉన్నదే. ఆ పురాణజ్ఞానం ఆయన చదువు. తన దేశపు విద్యను పరాయివాడు బోనులో పెట్టి పరీక్షిస్తుంటే చూడవలసి రావడం ఆ కాలపు భారతీయ పండితుడి అనుభవం. చదువూ అనుభవమూ రెండూ ఆయనకు గట్టిగా ఉన్న చోట కథ గట్టిగా ఉన్నది. తిక్కన, విష్ణుశర్మ ఇంగ్లీషు నేర్చుకోవడానికి దిగివచ్చే "విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు"లోనూ అంతే. అందులో విడ్డూరమంతా ఒక ఎత్తు, తరగతి గదిలో జీవితం గడిపిన ఉపాధ్యాయుడి విసుగూ చమత్కారమూ ఒక ఎత్తు.

కాని ఒక విషయం దాచకుండా చెప్పాలి. కిన్నెరసాని కథ తెలుగింటి అత్తాకోడళ్ళ కథ. ఆ వాగు ఒడ్డున తరతరాలుగా బతికిన కోయల కథ కాదు. దానివల్ల ఆ పాటలకు లోపం వచ్చిందని నేననను. కవి తనకు తెలిసిన దుఃఖాన్ని తాను చూసిన నీటిలో పోశాడు. ఐతే ఈనాడు కిన్నెరసాని మీద కల్పన చేయదలచినవాడు అక్కడితో ఆగడానికి వీలులేదు. వాగు మారింది. పాల్వంచ దగ్గర దాని మీద ఆనకట్ట లేచింది. ఆ నీరు కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రానికి పోతున్నది. ఆ కేంద్రంలో కాలేది సింగరేణి బొగ్గు. ఈనాటి కిన్నెరసాని దుఃఖం, అలాంటిదే ఉంటే, అత్త చేతిలో లేదు.

ఆ బొగ్గు సంగతే చూడండి. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనిపెట్టాడు. అది 25 కోట్ల సంవత్సరాలకు పూర్వపు అడవి. గ్లొసోప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల చెట్లు ఆనాటి చల్లని బురదనేలల్లో పెరిగి, పడి, పూడి, బొగ్గయినాయి. ఆ చెట్ల ఆకుముద్రలు దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో కూడా దొరకడంతో, ఇవన్నీ ఒకప్పుడు కలిసి ఉన్న భూఖండమని తేలింది. దానికి పెట్టిన పేరు గోండ్వానా. గోండుల దేశపు పేరు అది. కోయలు గోండులకు దగ్గరి బంధుజాతి. తమ బంధువుల పేరే ఒక మహాఖండానికి ఉన్నదని ఇప్పచెట్టు కింద ఆడుకొనే పిల్లవాడికి ఎవరు చెప్పారు? కాలయాత్ర కథ కోసం మన రచయితలు అమెరికా పోనక్కరలేదు. ఇల్లెందు నేల కింద ఒక అడవి, పైన ఒక అడవి ఉన్నాయి.

ఇక్కడ చదువు అవసరం ఎంత గట్టిదో చెప్పడానికి మరొక ఉదాహరణ ఇస్తాను. అశ్వాపురం దగ్గర మణుగూరు భారజల కర్మాగారం 1991లో పని ప్రారంభించింది. అణువిద్యుత్తుతో సంబంధం ఉన్నదనగానే, ఆ నీటిని తాకితే ఒళ్ళు కాలిపోతుందనీ, దానివల్ల రెండు తలల దూడ పుడుతుందనీ కథ అల్లడం సులభం. ఇటువంటి కథ ఒకటి నాకు దిద్దమని తెచ్చి ఇచ్చినవారున్నారు. కాని భారజలంలో రేడియోధార్మికత లేదు. మామూలు నీటిలో సుమారు 6,500 హైడ్రోజను పరమాణువులకు ఒకటి చొప్పున బరువైన హైడ్రోజను పరమాణువు, అంటే డ్యుటీరియం, ఉంటుంది. దాన్ని నీటినుంచి వేరుచేసి కూడబెట్టడమే ఆ కర్మాగారం పని. అది స్థిరమైన పరమాణువు, దాని నుంచి కిరణాలు రావు.

మరి అక్కడ భయపడవలసినదే లేదా? ఉన్నది. వేరుచేసే పద్ధతిలో హైడ్రోజన్ సల్ఫైడు వాయువును వాడతారు. అది విషవాయువు. కొద్దిగా ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. అంటే వాసన వస్తున్నంతసేపు మనిషికి హెచ్చరిక అందుతూనే ఉంటుంది. వాసన ఆగిపోయిన క్షణమే అసలు ప్రమాదం. రెండు తలల దూడను కల్పించిన రచయిత ఈ ఒక్క సంగతి చదివి ఉంటే ఎంత భయంకరమైన కథ వ్రాసి ఉండేవాడు! "అమ్మయ్య, వాసన పోయింది" అని ఒక పాత్ర ఊపిరి పీల్చుకుంటే చాలు, తెలిసిన పాఠకుడి గుండె ఆగుతుంది.

అనుభవం ఒక్కటే చాలు, పుస్తకాలెందుకు అనేవారికి ఇది జవాబు. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగినంత మాత్రాన పరమాణువు స్వభావం తెలియదు. జ్ఞాపకం కూడా మోసం చేస్తుంది. నాకు వరదను గురించి అంత విలువైన మాట చెప్పిన ముసలమ్మే, తేదీల దగ్గరికి వచ్చేసరికి రెండు వరదలను ఒకటి చేసి చెప్పింది. 1986లోనే కాక 1990లో కూడా గోదావరి అక్కడ 70 అడుగులు దాటింది. ఆమె మనవరాలు పుట్టింది ఒక వరదలో, ఆవు కొట్టుకుపోయింది మరొక వరదలో. ఆమె మనస్సులో రెండూ ఒకే రాత్రి జరిగాయి. అనుభవానికి భయం గుర్తుంటుంది, తారీఖు గుర్తుండదు. రికార్డుకు తారీఖు గుర్తుంటుంది, వాగు వెనక నుంచి వచ్చిందని తెలియదు. రచయిత చేయవలసినది ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి పరీక్షించడం.

ఈ పరీక్షకు మనకు ఆధారాలు లేకపోలేదు. హైమండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదు సంస్థానంలో ఉండవలసి వచ్చి, 1941లో పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల మధ్య ఉండి పరిశీలన చేశాడు. ఆ పుస్తకం 1945లో వెలువడింది. వారి పోడు వ్యవసాయం, ఇళ్ళు, పెళ్ళిళ్ళు, కలప వర్తకుల చేతిలో పడ్డ పాట్లు అందులో ఉన్నాయి. దాన్ని కూడా కళ్ళు మూసుకొని నమ్మకూడదు. అది ఒక పరదేశి చూసిన చూపు, ఎనభై ఏళ్ళకు పైబడ్డ సంగతి. ఈనాటి కొండరెడ్డి యువకుణ్ణి ఆ పుస్తకంలోంచి దించితే తప్పు. కాని అతని తాత ఎట్లా బతికాడో తెలియడానికి అది పనికివస్తుంది.

మానవశాస్త్రం ఊహాకథకు ఎట్లా పనికివస్తుందో చూడదలచినవారికి అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ ఉన్నారు. ఆమె తండ్రి క్రోబర్ అక్కడి ఆదిమజాతులను అధ్యయనం చేసిన ప్రసిద్ధ మానవశాస్త్రజ్ఞుడు. ఆ ఇంటి మాటల మధ్య పెరిగిన ఆమె 1972లో ఒక నవల ప్రకటించారు. అందులో ఒక గ్రహమంతా అడవే. అక్కడివారి భాషలో లోకానికీ అడవికీ ఒకటే మాట. భూమి నుంచి పోయినవారికి ఆ అడవి కలప మాత్రమే. ఈ ఒక్క మాటతో రెండు జాతుల తగాదా అంతా పాఠకుడికి అర్థమైపోతుంది. గ్రహం కల్పితం. భాష లోకాన్ని ఎట్లా విభజిస్తుందన్న ఎరుక కల్పితం కాదు, చదివీ వినీ సంపాదించినది.

మన అడవి కథలను దీనితో పోల్చి చూస్తే సిగ్గు కలుగుతుంది. మన కల్పనాసాహిత్యంలో, సినిమాల్లో భద్రాచలం అడవి ఎన్నిసార్లు కనిపించింది! కాని కనిపించినప్పుడల్లా అక్కడ ఒక మాంత్రికుడు, ఒక నరబలి, అర్థంలేని కేకలు, ఈకల కిరీటాలు. ఆ ఈకలు ఏ దేశపువో కూడా తెలియదు. కోయల విత్తనాల పండుగ గాని, కొత్తల పండుగ చేయనిదే కొత్త పంట నోట పెట్టరాదన్న కట్టుబాటు గాని, జీలుగు కల్లు గీసే నేర్పు గాని, ఎండల్లో తునికాకు కట్టలు కట్టే చేతులు గాని ఆ కథల్లో ఉండవు. నాకు తప్పు చూపించిన పిల్లవాడివంటివారు పట్నం వచ్చి ఆ కథలు చదువుతారని ఆ రచయితలకు ఎన్నడూ తోచినట్లు లేదు. తనను రాక్షసుడిగా చూపిన పుస్తకాన్ని ఆ పిల్లవాడు గ్రంథాలయంలో తీసుకొని చదివితే అతనికి ఏమనిపిస్తుంది? కల్పన గనుక ఏమైనా వ్రాయవచ్చు అనే వాదం వల్ల జరిగే నష్టం కళకు మాత్రమే కాదు.

రెండు ఆక్షేపణలకు జవాబు చెప్పి ముగిస్తాను. మొదటిది: పరిశోధన ఎక్కువైతే కథ పాఠ్యపుస్తకం అయిపోదా? అవుతుంది. నేను పైన చెప్పిన అడుగుల లెక్కలూ, పరమాణువుల లెక్కలూ అన్నీ ఒక కథలో కుమ్మరిస్తే ఎవరూ రెండో పుట తిప్పరు. రచయిత పది తెలుసుకొని ఒకటి వ్రాయాలి. తక్కిన తొమ్మిదీ అతన్ని తప్పు వ్రాయకుండా కాపాడతాయి. ఎండిన ఇప్పపువ్వు అన్న రెండు మాటల వెనక ఎన్ని నెలల పని ఉన్నదో రచయితకు తెలిస్తే చాలు, పాఠకుడికి పాఠం చెప్పనక్కరలేదు.

రెండవది: అట్లయితే అడవి కథను అడవిలో పుట్టినవారే వ్రాయాలా? వారు వ్రాస్తే మనకందరికీ మేలు, వ్రాయాలని కోరుకుందాం. ఆ భాషలో, ఆ పాటల్లో ఉన్న సృష్టికథలు ఏ వైజ్ఞానిక కల్పనకూ తీసిపోవు. కాని పైవాడు వ్రాయకూడదని నేననను. వ్రాసేముందు అడగాలి, వ్రాసినతరువాత వినిపించాలి. నవ్వితే ఓర్చుకోవాలి.

ఇప్పుడు ఈ ప్రాంతానికి ఊహాకథ అవసరం మునుపటికన్నా ఎక్కువైంది. ఈ సరిహద్దు గీతలు ఎన్నోసార్లు మారాయి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పుగోదావరి నుంచి అందులో కలిసింది. 2014లో పోలవరం ముంపు కారణంగా ఏడు మండలాల ప్రాంతం, కొన్ని మొత్తంగా, కొన్ని కొంతమేరకు, ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. గీతలు కాగితం మీద జరిగాయి గాని, ఆ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 150 అడుగులన్నది కాగితం మీద ఆగేది కాదు. ఏ ఊరు ఉంటుంది, ఏ ఊరు నీటి కిందికి పోతుంది అని ఆలోచించవలసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అంటే భవిష్యత్తును ఊహించడం వారికి కాలక్షేపం కాదు. మునిగిన ఊరిలోని ఇప్పచెట్టును గురించి, కొత్తచోట విత్తనాల పండుగ ఏ నేలమీద చేయాలో తెలియని పెద్దమనిషిని గురించి 2100వ సంవత్సరపు కథ వ్రాసేవాడు, తన మాటను తూచుకొని వ్రాయాలి. ఆ కథ చదివేవారిలో ఆ ఊరివాళ్ళు ఉంటారు.

నా కథను దిద్ది మళ్ళీ పిల్లల ముందు చదివాను. ఈసారి వరద వాగు వైపు నుంచి వచ్చింది. శాస్త్రజ్ఞుడు ఒక ఇంటి ముందు నిలబడి అడిగాడు, ఆ ఇంటామె దోసెడు ఎండిన పువ్వు పోసింది. ఆ పిల్లవాడు చివరిదాకా విని, "ఆయన మల్ల ఆమెకేమిచ్చిండు సారూ?" అని అడిగాడు. దానికి నా కథలో జవాబు లేదు. అచ్చుకు పంపకుండా ఇంటికి తీసుకుపోయి, మూడోసారి వ్రాయడానికి కూర్చున్నాను.